చివరి దోసిలి

నీలతోరణ నగరాన్ని కళ్ళారా చూసివచ్చినవాడు కూడా మరునాటికి అది కలేమో అనుకుంటాడు. నాలుగు వైపులా సరస్సు, సరస్సు నడుమ ఒకే ఒక కొండ, ఆ కొండ మీద మెట్టుమెట్టుకీ తెల్లరాతి మేడలు. పొద్దు పొడిచేవేళ నీటిమీంచి లేచిన మంచు మేడల నడుములదాకా పాకి అక్కడ ఆగిపోతుంది. అప్పుడిక కింద ఊరు లేదు, నేల లేదు. బంగారు కలశాలూ, చంద్రశాలలూ, వాటి అంచుల మీద రెక్కలో తల దూర్చి నిద్రపోతున్న నెమళ్ళూ పాలసముద్రంలో తేలుతున్నట్టుంటాయి. ఎక్కడో గంట మోగితే ఆ మోత కూడా మంచులో తడిసి, బరువెక్కి, ఆలస్యంగా వచ్చి చెవిని తాకుతుంది.

అంత అందమైన ఊళ్ళో జనం నీలంగా మారి చచ్చిపోతున్నారు.

మనవైపు గత్తర అంటారే, అదే. అక్కడివాళ్ళకి మోటుమాటలు పనికిరావు కనక 'జలకన్య కౌగిలి' అని పేరు పెట్టుకున్నారు. పొద్దున నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డ మనిషి సాయంత్రానికి బియ్యం కడిగిన నీళ్ళలా కరిగి కారిపోతాడు. కళ్ళు లోపలికి పోతాయి. వేళ్ళ కొసలు రోజంతా నీళ్ళలో నానినట్టు ముడతలు పడతాయి. గొంతు పిల్లనగ్రోవిలా సన్నబడుతుంది, పెదవులు నీలమవుతాయి. జలకన్య కౌగిలించుకుని తీసుకుపోయింది అంటారు. అందమైన పేరొకటి దొరికాక కారణం ఎవడికి కావాలి? రాజుకి జబ్బు చేస్తే వైద్యం, జనానికి జబ్బు చేస్తే శాంతిహోమం. ఏ రాజ్యంలో చూసినా ఇంతే.

ఆ ఉదయం మంచుని చీల్చుకుంటూ ఇద్దరు మనుషులు చితికట్టెల మోపులు మోస్తూ కోటమెట్లు ఎక్కుతున్నారు. ఒంటినిండా మసి. మెడలో తాడుకి వేలాడే వెదురు బొంగు. ఆ బొంగు ఉంటే ఆవలిగట్టు మనిషని గుర్తు. ఆవలిగట్టు వాళ్ళు శవాలకి కట్టెలు మోస్తారు, మోసినంతసేపూ తమ బొంగులో తెచ్చుకున్న నీళ్ళే తాగుతారు. ఊళ్ళో ఏ నీళ్ళనీ ముట్టుకోకూడదు.

మసి కింద ఉన్నవాళ్ళు మాత్రం ఆవలిగట్టు వాళ్ళు కారు. ముందు నడిచే పొడగరి రత్నకూటపు యువరాజు సారంగుడు. కన్నతండ్రిని రాతిబొమ్మగా మార్చి పారిపోయిన ధూమ్రదంతుడనే మాయావిని వెదుక్కుంటూ కొయ్యహంస మీద ఆకాశమార్గాన వస్తూ, రెక్క విరిగి ఈ సరస్సులో పడ్డాడు. వెనక ఆయాసపడుతున్న బొద్దు మనిషి అతని వంటవాడు పుల్లన్న. తామరతూడులు పీకుతున్న చెంగల్వ అనే ఆవలిగట్టు పిల్ల ఇద్దర్నీ జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగింది, తన గుడిసెలో దాచింది.

ఆ చెంగల్వనే నిన్న సాయంత్రం రాజభటులు పట్టుకుపోయారు. ఆవలిగట్టున ఒక్క మనిషీ చావలేదు, కాబట్టి ఈ చావులన్నీ వాళ్ళు పెట్టించినవేనని రాజగురువు శాంతస్వామి తేల్చాడు. అక్కడి కన్యనొకతెను మధ్యాహ్నపు శంఖం ఊదగానే సరస్సుకి అర్పిస్తే జలకన్య శాంతిస్తుందట. కత్తి దూయబోయిన సారంగుణ్ణి చెంగల్వే ఆపింది.

"నన్ను విడిపిస్తే మా పిన్నిని పట్టుకుంటారు దొరా. ఆవిణ్ణి విడిపిస్తే ఇంకొకర్ని. నీ కత్తి ఎంతమందిని కాస్తది? ఈళ్ళు ఎందుకు చస్తున్నారో కనిపెట్టు. అది చేతనయితే చెయ్యి, లేకపోతే నీ దారిన నువ్వు పో."

అందుకే ఈ కట్టెల మోపు. మధ్యాహ్నంలోగా ఆ 'ఎందుకు' దొరకాలి.

కోటద్వారం దగ్గర కాపలావాడు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని దూరంనుంచే కేకేశాడు. "ఒరే, ఇవాళ ఎన్ని మోపులు తెచ్చార్రా?"

"మీరెంతమంది పోతే అన్ని మోపులండి అయ్యా," అన్నాడు పుల్లన్న.

"నోటిదూల. మీ గట్టున ఒక్కడికీ ఏమీ కాలేదట గదా, ఏం మంత్రం వేశార్రా?"

"మంత్రమెందుకండీ. మమ్మల్ని జలకన్య కూడా ముట్టుకోదు. మైలపడిపోద్దని."

ఇంతలో తన బావమరిది రావడంతో కాపలావాడు ద్వారం పక్కనున్న రాతితొట్టిలో మణికట్టుదాకా చేతులు ముంచాడు. దోసిలితో పట్టిన నీళ్ళకి బావమరిది నోరానించి తాగాడు. తరవాత ఆ బావమరిది ముంచాడు, ఇతను తాగాడు.

ఆ ఊరి గర్వమంతా ఈ దోసిలినీళ్ళలోనే ఉంది. గుమ్మానికో తొట్టి, చుట్టానికో దోసిలి. ఒకరి దోసిట్లో ఒకరు తాగినవాళ్ళు జన్మంతా ఒకరికొకరు అన్నదమ్ముల కింద లెక్క. దోసిలి పట్టినప్పుడు తాగనన్నవాడు ఊరందరికీ శత్రువు. వాడు గురువైనా మంత్రయినా ఆ పూటే పడవెక్కాలి. పెళ్ళిలో మొదటి దోసిలి, చావులో చివరి దోసిలి. శవానికి స్నానం చేయించిన చేతులతోనే ఇంటి కోడలు వచ్చినవాళ్ళందరికీ చివరి దోసిలి పట్టాలి. అది తాగకపోతే పోయినవాడికి దారి దొరకదని వాళ్ళ నమ్మకం. తొట్టి ఎప్పుడూ వంచరు, కడగరు. తాతల చేతులు మునిగిన నీళ్ళు కదా, పారబోస్తారా మరి.

ఇద్దరూ కొండ పైవీధికి చేరేసరికి మంచు పల్చబడింది, పొద్దు నడినెత్తికి దగ్గరపడింది. వజ్రాల వర్తకుడు గుణశెట్టి ఇంట్లో చావు. ఏడంతస్తుల మేడ, ప్రతి కిటికీకీ ముత్యాల తెర. గాలికి ఆ ముత్యాలు ఒకదానికొకటి తగిలి వాన కురుస్తున్నట్టు గలగలమంటున్నాయి. వీధంతా తెల్లబట్టల్లో జనం. మేడ వెనక రాతిపలకలు కప్పిన కాలవ ఒకటి చీకట్లోకి జారిపోతోంది. చూస్తుండగానే పనివాళ్ళు శెట్టి కప్పుకున్న దుప్పటి తెచ్చారు. పసుపు పట్టు, చిలకల అంచు. దాన్ని అలాగే, ఉతకకుండా, మూత లేని చోట కాలవలోకి జారవిడిచి దణ్ణం పెట్టారు.

"ఏం చూస్తావురా కట్టెలోడా, ఎప్పుడూ చావు చూళ్ళేదా?"

పక్కింటి ప్రహరీ మీంచి ఒక ముసలావిడ తల కనిపించింది. ముక్కుకి మూడు రాళ్ళ బేసరి, నోటికి గడియ లేదు. పేరిందేవమ్మ. ఊళ్ళో ఆవిడతో మాటలున్నవాళ్ళు లేరు.

"తమరు చావింటికి వెళ్ళలేదేమమ్మా?" అని అడిగాడు సారంగుడు తల వంచుకుని.

"నేనా? ఆ శెట్టి మా గోడ జానెడు జరిపాడు. వాడి శవమ్మీద కూడా నాకు కోపమే. వాడింటికే కాదు, ఎవడింటికీ వెళ్ళను, ఎవణ్ణీ రానివ్వను. ఈ వీధిలో నా దోసిలి తాగినవాడు లేడు, నేను తాగింది లేదు. నా తొట్టిలో నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి మునిగి ఏళ్ళయింది."

"మరి తమ ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"ఇదిగో, నిలబడి తిడుతున్నాను గదా, కనపడట్లా? నా కొడుకు కులాసా, కోడలు అంతకంటే కులాసా. మంచివాళ్ళందరూ పోతున్నార్రా. అటింటి నాగలింగం ఎంత మంచివాడు, ఏ చావున్నా ముందుండేవాడు. పోయాడు. వాడి చావుకి ఈ శెట్టి వెళ్ళొచ్చాడు. ఇప్పుడు వీడు. దేవుడికి కూడా నాబోటి గయ్యాళులంటే భయంలా ఉంది."

పుల్లన్న పకపకా నవ్వాడు. సారంగుడు నవ్వలేదు. మోపు దించి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. పోట్లాడుకున్న ఇల్లు బతికింది. వెలివేసిన గట్టు బతికింది. అక్కడ చెంగల్వ వాళ్ళు ఇసకలో చెలమ తీసి, ఊరిన నీటిని చిప్పగరిటెతో పైకెత్తి బొంగులోకి పోసుకుంటారు. పైనుంచి పోసుకోవడమే తప్ప, ఇంట్లో ఎవరూ చూడనప్పుడు కూడా కుండలో చెయ్యి పెట్టరు. చెయ్యి పెట్టకూడదని తరతరాలుగా తిట్టి తిట్టి నేర్పించారు మరి ఈ ఊరివాళ్ళు. ఎవరెవరు ప్రేమగా కలిసిమెలిసి తాగారో వాళ్ళు పోతున్నారు.

"పుల్లన్నా, జలకన్య ఎక్కడుందో తెలిసింది," అన్నాడు.

"ఎక్కడండి బాబయ్యా?"

"దోసిట్లో."

అంతలో వీధి మొగలో బూరలు మోగాయి. రాజగురువు పల్లకీ వచ్చింది. వెండితీగల తెరల మధ్య ఆయన ముఖం కనిపించలేదుగానీ, తెర కిందుగా ఒక పీటా, దానిమీద కమండలమూ కనిపించాయి. దాని మూతినుంచి సన్నగా పొగ లేస్తోంది. స్వామివారి తపస్సు వేడికి కమండలంలో నీళ్ళు ఎప్పుడూ కాగుతుంటాయట. స్వామి ఆ నీళ్ళు తప్ప పుచ్చుకోరట. జనం చెంపలేసుకున్నారు.

"తపస్సు కింద బొగ్గులున్నాయండి బాబయ్యా," అన్నాడు పుల్లన్న ముక్కు ఎగబీల్చి. "తుమ్మబొగ్గు. నా ముక్కు అబద్ధం చెప్పదు."

తెర వెనకనుంచి పట్టులాంటి గొంతు వినిపించింది. "నాయనలారా, మధ్యాహ్నం శంఖం ఊదగానే అందరూ రేవుకి రండి. ఆ పాపిష్ఠి కన్యని నీటికి అర్పించాక, రాజుగారి మహాతొట్టిలో ఊరంతా మహాదోసిలి తాగాలి. అందరూ అందరి చేతులా తాగాలి. ప్రేమ తగ్గబట్టే ఈ ఉపద్రవం."

పల్లకీ మెట్లు దిగి వెళ్ళిపోయింది. శెట్టిగారి చిన్నకోడలు గుమ్మంలోకి వచ్చింది. శవానికి నీళ్ళు పోసిన చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. చక్కని పిల్ల, ఏడ్చి ఏడ్చి కళ్ళు తామరమొగ్గల్లా ఉబ్బాయి. ఆ చేతులు అలాగే తొట్టిలో ముంచి మొదటి దోసిలి పట్టింది. ముందు వరసలో చంకన బిడ్డతో ఒక తల్లి నోరు చాపింది.

సారంగుడు రెండంగల్లో గుమ్మం చేరి భుజం ఆనించి తొట్టిని దొర్లించేశాడు.

రాయి నేలకి తగిలి బద్దలయింది. తాతల నాటి నీళ్ళు వీధిలో పారాయి. తరవాత లేచింది అరుపు.

"ఆవలోడు తొట్టి ముట్టుకున్నాడు, పట్టుకోండి."

వీధికి ఈ చివర భటులు, ఆ చివర భటులు. మేడమీంచి బల్లేలు. పేరిందేవమ్మ మాత్రం ప్రహరీ మీంచి, "దొర్లించాడు శెట్టి తొట్టి. నా గోడ జరిపినందుకు బాగా అయింది," అని అరుస్తోంది. పుల్లన్న కట్టెల మోపు విప్పి మెట్లమీద దొర్లించాడు. పైకి వస్తున్న భటులు దుంగలమీద కాళ్ళు జారి ఒకరిమీద ఒకరు పడ్డారు. ఆ సందులో సారంగుడు పుల్లన్న నడుం పట్టుకుని మేడ వెనక్కి పరిగెత్తాడు.

"నోరు మూసుకో. ఏం జరిగినా తెరవకు," అన్నాడు, కాలవలోకి దూకేముందు.

పుట్టి బుద్ధెరిగాక పుల్లన్న నోరు మూసుకున్నది అదే మొదటిసారి.

కాలవ లోపల నీలపు చీకటి. నాచు పట్టిన రాతిమీద ఇద్దరూ బాణాల్లా జారిపోతున్నారు. పలకల సందుల్లోంచి అక్కడక్కడ ఎండ వెండిపోగుల్లా దిగి మొహాన్ని తాకి పోతోంది. వాళ్ళ పక్కనే చీరలూ దుప్పట్లూ తలగుడ్డలూ పెద్ద పెద్ద రంగుచేపల్లా తోకలాడిస్తూ ఈదుతున్నాయి. అన్నీ పోయినవాళ్ళవే. ఏ మలుపులోనో చిక్కుకుని ఇన్నాళ్ళూ ఆగినవి, ఇప్పుడీ మనుషుల వేగానికి కదిలి వెంట వస్తున్నాయి. పుణ్యలోకానికి పోతుందని జనం నమ్మిన ఆ కాలవ ఎక్కడికి పోతుందో చూసిన మనిషి ఈ కాలంలో లేడు. ఎవరో ముత్తాతరాజు కట్టించాడు, పలకలు కప్పించాడు, శాసనం చెక్కించాడు. శాసనంలో ఆయన బిరుదులున్నాయి, కాలవ దారి లేదు.

చివర ఒక ఏనుగుతల తూము. దాని నోట్లోంచి ఇద్దరూ వెలుగులోకి ఎగిరి, దభీమని లోతునీళ్ళలో పడ్డారు.

సారంగుడు తల పైకెత్తేసరికి చుట్టూ పాలరాతి గోడలు, నీటిమీద తేలే గులాబీరేకులు, పైన బంగారు పందిరి. అది రేవుగట్టున ఉన్న రాజుగారి మహాతొట్టి. ఎన్నడూ ఎండిపోదని దేశదేశాల కవులు పొగిడిన తొట్టి. మహాదోసిలికి ముందే చోటు పట్టుకుని గట్టుమీద వంగిన జనం అలాగే బిగుసుకుపోయారు. సారంగుడి ఒంటిమీద మసి కొట్టుకుపోయి రాచపచ్చబొట్టు మెరుస్తోంది. భుజానికి చుట్టుకుని ఒక పసుపు పట్టు దుప్పటి, చిలకల అంచుది, నీళ్ళు కారుస్తోంది.

తొట్టికి అవతల నల్లపడవ. అందులో పెడరెక్కలు విరిచి కట్టిన చెంగల్వ. జడలో ఇంకా నిన్నటి కలువ. అతన్ని చూసి ఆమె మొహంలో భయం పోయి కోపం వచ్చింది.

"పిలవని పేరంటానికి భలే దారిన వచ్చావు దొరా," అంది.

సింహాసనం మీంచి రాజు హిమకేతుడు లేచాడు. చెడ్డవాడు కాదు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట నిజమనుకునే రకం. "ఎవరు నువ్వు?"

"రత్నకూటం యువరాజు సారంగుణ్ణి మహారాజా. మీ కాలవ మీ తొట్టిలోకే వస్తోంది. ఇది ఎవరి దుప్పటో అడగండి."

సారంగుడు దుప్పటి గట్టుమీదికి విసిరాడు. శెట్టిగారి పెద్దకొడుకు, చావింటినుంచి గురువు పల్లకీ వెంట నేరుగా వచ్చినవాడు, ఆ చిలకల అంచుని వేళ్ళతో తడిమి చూశాడు. "మా నాన్నది. ఇందాకే కాలవకి ఇచ్చాం," అన్నాడు.

"పోయినవాళ్ళ బట్టలు నానిన నీళ్ళు ఇవి," అన్నాడు సారంగుడు. "వాటిలో చేతులు, ఆ చేతుల్లోంచి నోళ్ళు. చావుకి వెళ్ళినవాడే మళ్ళీ చావైపోతున్నాడు. ఆవలిగట్టు వాళ్ళని ఈ నీళ్ళు ముట్టుకోనివ్వలేదు మీరు. అందుకే వాళ్ళు బతికారు. మంత్రమేమీ లేదు."

జనంలో గుసగుసలు అలలా లేచాయి. అప్పుడు రాజగురువు తెరలు తొలగించుకుని పల్లకీ దిగాడు. తెల్లగడ్డం, కారుణ్యం ఒలికే కళ్ళు. చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వులో పళ్ళు కనిపించాయి. పొగ పట్టిన దూలం రంగు.

సారంగుడు ఆ పళ్ళని గుర్తుపట్టాడు. ధూమ్రదంతుడు.

"చూశారా మహారాజా, ఇదీ కలికాలం," అన్నాడు మాయావి మెత్తగా. "నీళ్ళకి మైలేమిటి? గంగకి అంటుతుందా మైల? తాతముత్తాతల ఆచారాన్ని నిన్నగాక మొన్న నీళ్ళలోంచి తేలినవాడు తప్పుపడుతున్నాడు. శంఖం ఊదించండి."

రాజు శంఖం వైపు చూశాడు. చివర మాట్లాడింది గురువు కదా మరి.

సారంగుడు మెట్లెక్కి తొట్టి గట్టున నిలబడ్డాడు. కత్తి దూస్తే పని కాదు, చెంగల్వ నిన్ననే చెప్పింది. ఈ ఊరు కత్తికి లొంగదు. వాదానికి అసలే లొంగదు. ఈ ఊరు లొంగేది ఒక్కదానికే.

"స్వామీ, నీళ్ళకి మైల లేదన్నారు. అయితే నాతో చుట్టరికం కలపండి. మీ ఊరి ఆచారమే. కొత్త చుట్టరికంలో అడిగినవాడు ముందు తాగాలి, తరవాత తన దోసిలి పట్టాలి. అంతే కదా?"

గురువు చిరునవ్వు అలాగే ఉంది. కళ్ళలో మాత్రం ఏదో కదిలింది.

"తాగకు దొరా," అంది చెంగల్వ. ఈసారి గొంతులో వెటకారం లేదు. "నీకు తెలిసీ తాగుతావా? పిచ్చా నీకు?"

"నువ్వడిగిన 'ఎందుకు' దొరికింది. వీళ్ళు నమ్మడానికి వేరే దారి లేదు," అన్నాడు.

గులాబీరేకులు పక్కకి తోసి దోసిలి నింపుకున్నాడు. నీళ్ళు అద్దంలా స్వచ్ఛంగా ఉన్నాయి. అడుగున చేతిగీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. చావు అంత తేటగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారా? చల్లగా, కొంచెం తియ్యగా కూడా ఉన్నాయి. చివరి చుక్కదాకా తాగాడు. మళ్ళీ ముంచి, నిండు దోసిలి మాయావి ముందు పట్టాడు.

"పుచ్చుకోండి, అన్నగారూ."

వేళ్ళ సందుల్లోంచి నీటిచుక్కలు ఒకటొకటిగా రాతిమీద పడుతున్నాయి. గురువు ఒక అడుగు వెనక్కి వేశాడు. అంతే. కోట కూలినా ఆ జనం అంత అదిరిపడి ఉండరు. తాగనన్నవాడు ఊరికి శత్రువు. పుల్లన్న తొట్టిలోంచి పాకి వచ్చి ఆయన పల్లకీలో కమండలం ఉన్న పీటని ఒక్క తాపు తన్నాడు. పీట కింద దాచిన ఇనప మూకుడు బోర్లాపడి ఎర్రటి బొగ్గులు మెట్లమీద దొర్లాయి.

"తపస్సు దొర్లిపోయింది, ఏరుకోండి స్వామీ," అన్నాడు.

"కాచుకుని తాగుతున్నావా? మాకు తొట్టి, నీకు కుంపటా?" అని ఎవరో అడిగారు. ఆ ప్రశ్న మెట్టుమెట్టుకీ పాకింది.

ధూమ్రదంతుడి ముఖంలో కారుణ్యం ఊడి కిందపడింది. నోరు తెరిచి ఊదాడు. నల్లని పొగ రేవంతా కమ్మేసింది. పొగలోంచి అతని గొంతు: "మీ చావులతో నాకేం పనిరా మూర్ఖుల్లారా? నాకు కావలసింది మహమ్మారి ముట్టని కన్య. ఆమె చెయ్యి తాకితే తప్ప నా ద్వీపంలో చంద్రద్వారం తెరుచుకోదు. తెరుచుకున్నాక ఆమె రాయవుతుంది. రాయవడమంటే ఏమిటో యువరాజుకి తెలుసు, వాళ్ళ నాన్ననడగండి."

అతన్నీ చెంగల్వనీ మోసుకుని, తెడ్డు లేకుండానే నల్లపడవ నీటిమీద పాములా జారిపోయింది.

హిమకేత మహారాజు ఆలోచనలో పడ్డాడు. రాజులు ఆలోచించేలోపల పడవలు చాలా దూరం పోతాయి. జనంలో కొందరు గునపాలు తెచ్చి ఏనుగుతల తూముని పగలగొడుతున్నారు. ఇంకొందరు ఇదే ఆఖరన్నట్టు, ఎవరూ చూడకుండా, తొట్టిలో చేతులు ముంచి కళ్ళకద్దుకుని తాగుతున్నారు. చెబితే వినేవాళ్ళయితే లోకం ఇలా ఉండేదే కాదు. సారంగుడూ పుల్లన్నా అప్పటికే, పొద్దున తాము వచ్చిన ఆవలిగట్టు దోనెలోకి దూకారు.

సరస్సు నడిబొడ్డున పగలు లేదు, రాత్రి లేదు. మంచు ఒక్కటే ఉంది. తామరాకులమీద నీటిబొట్లు ముత్యాల్లా అటూఇటూ దొర్లుతున్నాయి. ఎక్కడో కొంగ ఒకటి నిద్రలో రెక్క విదిలించింది. తెడ్డు వేసిన చోట నీరు నిశ్శబ్దంగా విచ్చుకుని మళ్ళీ మూసుకుంటోంది. ఎంతసేపయిందో, ఒక పూటో రెండు పూటలో, ఇద్దరికీ తెలియలేదు. దారి మాత్రం తప్పలేదు. ముందుపోయే చెంగల్వ జడలోని కలువరేకులు ఒక్కొక్కటే రాల్చుకుంటూ పోతోంది. చేతులు కట్టేస్తే తల విదిలించి రాల్చినట్టుంది. ఆ రేకుల వెంటే దోనె. రేకులు అయిపోయినచోట ఆమె మెడలోని వెదురు బొంగు తేలుతూ కనిపించింది.

దాన్ని అందుకోవడానికి వంగినప్పుడు సారంగుడు తన వేళ్ళు చూసుకున్నాడు. కొసలు ముడతలు పడి ఉన్నాయి.

తరవాత అంతా వేగంగా జరిగింది. కడుపులో ఏదో ముడి విడిపోయినట్టయింది. నొప్పి కూడా పెద్దగా లేదు. ఒంట్లో ఉన్న నీరంతా సరస్సుకి ఏదో బాకీ ఉన్నట్టు ఆగకుండా పోతోంది. కాళ్ళ పిక్కలు రాళ్ళయ్యాయి. మంచులోంచి ఎవరో చల్లని చేతులు చాచి రమ్మంటున్నట్టుంది. వెళితే బాగుండుననిపించింది. అంత హాయిగా పిలుస్తోంది మరి.

"కళ్ళు ముయ్యకండి బాబయ్యా." పుల్లన్న తెడ్డు వదిలేసి దోనె మూలనుంచి కుండ లాగాడు. ఎక్కడికి ప్రయాణమైనా అతను వెంట తెచ్చే తరవాణికుండ, పులిసిన గంజి. పొద్దున దోనెలోనే వదిలి వెళ్ళాడు. దాన్లో గుప్పెడు ఉప్పు పడేశాడు. "పుల్లనిదాన్నీ ఉప్పనిదాన్నీ చూస్తే ఏ మాయదారి కన్యయినా ఆమడ దూరం పోద్ది. తాగండి."

చిప్పతో పైనుంచి పోశాడు. సారంగుడు తాగాడు. వెంటనే కక్కేశాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ కక్కాడు.

మంచుకి అవతలనుంచి మాయావి నవ్వు వినిపించింది, చాలా దగ్గరలోనే. "యువరాజా, నిన్ను చంపడానికి నాకు మంత్రం దండగ. నీ చావు నీ చేతుల్తోనే తాగావు. నేను కాసేపు ఆగితే చాలు."

ఆ వెంటనే చెంగల్వ గొంతు. "దొరా, ఉన్నావా?"

ఉన్నానని చెప్పబోయాడు. గొంతులోంచి పిల్లనగ్రోవి ఈలలాంటి గాలి వచ్చిందే తప్ప మాట రాలేదు. పడవ అంచు ఆనుకుని, చేతిలో ఉన్న ఆమె బొంగుని పెదవులకి ఆనించుకుని ఊదాడు. ఉన్న ఊపిరంతా పెట్టి ఊదాడు. ఆ మోత తామరాకుల మీంచి, మంచుని తోసుకుంటూ, ఆవలికి పోయింది.



"చావలేదన్నమాట," అంది చెంగల్వ. "పుల్లన్నా, ఏం పోస్తున్నావో అదే పొయ్యి. కక్కినా పొయ్యి. దొర మాట వినకు."

పుల్లన్న చిప్ప ఎత్తాడు. మోకాలు సారంగుడి వీపుకి ఆనించి, కొద్దికొద్దిగా, పక్షిపిల్లకి పోసినట్టు పోశాడు. ముందెక్కడో నల్లపడవ ఇసకలో కీచుమని ఆగింది. అడుగుల చప్పుడు. ఆపైన, కొండ ఒళ్ళు విరుచుకున్నట్టు, చంద్రద్వారపు రాతితలుపు మీద రాతితలుపు కదిలే మూలుగు మొదలయింది.

సారంగుడు కడుపు చేత్తో అదిమి పట్టుకుని ఎదురుచూశాడు.

ఈసారి తాగినది లోపలే నిలిచింది. అతను తెడ్డుకోసం చెయ్యి చాచాడు.